ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు నేల పాడవకుండా: నా అనుభవం

కారు ఆయిల్ మార్చేటప్పుడు నేల జిడ్డయ్యేది చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టు దగ్గర అనుకుంటారు చాలామంది. నిజానికి అది ఫిల్టర్ దగ్గర జరుగుతుంది. చాంబర్ లోంచి మూడు లీటర్లు దిగినా ఒకే ధారగా దిగుతుంది, కింద బేసిన్ పెడితే సరిపోతుంది. ఫిల్టర్‌లో మిగిలేది చిన్న కార్లకైతే పావు లీటరు చుట్టుపక్కలే. ఆ పావు లీటరే అంచు చుట్టూ ఎటు వాలితే అటు జారి, క్రాస్‌మెంబర్ (బండి అడుగున అడ్డంగా ఉండే ఇనుప దూలం) మీదికి, సైలెన్సర్ గొట్టం మీదికి, చేతి మీదుగా మోచేతి దాకా పాకుతుంది.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు సొంతంగా ఆయిల్ మార్చుకునేవాళ్లకు పని చేసే చోటు ఇంటి ముందు సిమెంటు వాకిలే. రేపు పొద్దున ముగ్గు వెయ్యాల్సిన చోట నల్లటి మరక పడిందంటే అది సిమెంటులోకి ఇంకిపోతుంది, ఎంత తోమినా పూర్తిగా పోదు. అందుకే ఈ పనిలో ఒలకడం గురించే ఎక్కువ పట్టించుకుంటాను. ఫిల్టర్‌లోని ఆయిల్ ఎలాగూ బయటికి వస్తుంది. అది ఎటు రావాలో పానా పట్టకముందే తేల్చుకోవాలి.

ఇంజన్ ఆపి గంటలు గడిచినా ఫిల్టర్ ఎందుకు ఖాళీ కాదో తెలిస్తే సగం పని తేలిక. ఫిల్టర్ మూతి వైపు చూస్తే మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, దాని చుట్టూ చిన్న రంధ్రాలు ఉంటాయి. మురికి ఆయిల్ చిన్న రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లి, కాగితం గుండా వడకట్టుకుని, మధ్య రంధ్రం లోంచి ఇంజన్‌లోకి వెళ్తుంది. ఆ చిన్న రంధ్రాల వెనక పల్చటి రబ్బరు బిళ్ల వాల్వులాగా పనిచేస్తుంది. ఇంజన్ ఆగగానే అది మూసుకుని ఆయిల్‌ని వెనక్కి పోనివ్వదు. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌కి వెంటనే ఆయిల్ అందాలని ఆ ఏర్పాటు. మంచి ఫిల్టర్ అయితే విప్పేటప్పుడు నిండుగానే ఉంటుందన్నమాట. విప్పినప్పుడు ఏమీ రాలేదంటే ఆ రబ్బరు గట్టిపడి ఉండొచ్చు.

ముందు ఫిల్టర్ ఏ దిక్కుకి బిగించి ఉందో చూడాలి. మరలున్న వైపుని మూతి, మూసి ఉన్న రేకు వైపుని అడుగు అనుకుందాం. మూతి పైకి, అడుగు నేలవైపుకి ఉంటే అన్నిటికంటే సులువు. నిండు గ్లాసుని దించినట్టు నిటారుగా దించితే చాలు. అడ్డంగా పడుకుని ఉండేది అన్నిటికంటే కష్టం, అంచు సడలగానే పై సగంలోని ఆయిలంతా కింది అంచు మీదుగా దిగుతుంది. మూతి కిందికి, అడుగు పైకి ఉండే మూడో రకంలో ఆయిల్‌కి ఇంజన్‌లోకి వెనక్కి దిగే దారి ఉంది, దానికి కావలసిందల్లా పైనుంచి కాస్త గాలి.

వేడి సంగతి. ఇంజన్‌ని ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపేస్తే చాలు, ఆయిల్ పల్చబడి అడుగున పేరుకున్న మడ్డితో సహా దిగుతుంది. కోరాపుట్ కొండల మీద డిసెంబరు పొద్దుటి చలిలో ఇది మానేస్తే ధార సన్నగా, గంటల తరబడి కారుతుంది. దూరం నుంచి వచ్చిన బండిని మాత్రం వెంటనే విప్పకూడదు. అప్పుడు ఆయిల్ 90 డిగ్రీల పైన ఉంటుంది, చర్మం కాలుతుంది, నేను కింద చెప్పే పాల కవరు కూడా మెత్తబడి చిరుగుతుంది. ఫిల్టర్ రేకు మీద చెయ్యి పెట్టి తియ్యకుండా పది లెక్కపెట్టగలిగితే అది సరైన వేడి.

బండిని ఎత్తడంలో బేరం లేదు. ఒక్క జాకీ మీద నిలబెట్టి కిందికి దూరకూడదు. ఇటుకలు పేర్చి చక్రం ఎక్కించడం ఇంకా ప్రమాదం, ఇటుక ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగిలిపోతుంది. రెండంగుళాల మందం గట్టి చెక్క పలకలు మెట్లుగా మేకులు కొట్టి చేసిన ర్యాంపు, లేదంటే స్టాండ్లు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం, హ్యాండ్‌బ్రేకు, గేరు.

కిందికి చేరాక మొదట చేసేది కడగడం. మన ఘాట్ రోడ్ల ఎర్రమట్టి వానాకాలంలో ఇంజన్ అడుగున అట్ట కడుతుంది. ఫిల్టర్ అంచు చుట్టూ ఉన్న ఆ మట్టిని బ్రష్‌తో, తడిగుడ్డతో తీసెయ్యాలి. లేకపోతే ఫిల్టర్ ఊడిన క్షణంలో ఆ ఇసుక ఇంజన్ ముఖం (ఫిల్టర్ రబ్బరు ఆనే చదును చోటు) మీదికి రాలుతుంది. శుభ్రం చెయ్యడంలో ఇంకో లాభం: ఫిల్టర్ రేకు పొడిగా ఉంటే చేతికి పట్టు దొరుకుతుంది. జిడ్డు చేతితో జిడ్డు ఫిల్టర్ తిప్పబోతే జారి కింద పడుతుంది, పావు లీటరు ఒక్కసారే చిమ్ముతుంది. కొన్ని కార్లకు అడుగున ప్లాస్టిక్ షీటు ఉంటుంది. దాన్ని పూర్తిగా ఊడదియ్యాలి. దానికున్న చిన్న కిటికీ లోంచి పని కానిచ్చేద్దామనుకుంటే ఒలికినదంతా షీటు మడతల్లో నిలిచి, తర్వాత వారం పది రోజులు చుక్కచుక్కగా కారుతూ ఉంటుంది. అది చూసి సీల్ పోయిందేమో అని ఇంజన్ విప్పించుకునేవాళ్లు ఉన్నారు.

నేల మీద పాత పాలిథీన్ పట్టా, దాని మీద అట్టపెట్టె విప్పి పరిచిన అట్ట. అట్ట పీలుస్తుంది, పట్టా ఆపుతుంది. రెండూ కావాలి. దాని మీద బేసిన్. వెడల్పు 40 సెంటీమీటర్లకు తగ్గకుండా, దిగాల్సిన ఆయిల్‌కి ఒకటిన్నర రెట్లు పట్టేది. మూడు లీటర్ల బండికి అయిదు లీటర్ల బేసిన్. మధ్యలో చిన్న చిల్లు ఉన్న మూత డబ్బాలు బజార్లో దొరుకుతాయి. వాటిలో జారిపడిన బోల్టు వెళ్లి సరిగ్గా ఆ చిల్లుకే అడ్డం పడుతుంది, మీద ఆయిల్ నిండి నాలుగు వైపులా పొంగుతుంది. వెడల్పు బేసినే మేలు.

చాంబర్ బోల్టుని పానాతో సడలించి, ఆపైన వేళ్లతో తిప్పాలి. తిప్పేటప్పుడు బోల్టుని పైకి, చాంబర్ వైపుకి ఒత్తి పట్టుకోవాలి. మరలన్నీ ఊడినా ఒత్తిడి వల్ల ధార రాదు. ఊడినట్టు చేతికి తెలియగానే పక్కకి చటుక్కున లాగెయ్యాలి, ధార చేతి మీద పడదు. నిండు చాంబర్ నుంచి మొదటి ధార నిటారుగా పడదు, బోల్టు పక్కవాటుగా ఉంటే ముందుకి విల్లులా దూకుతుంది. మట్టం తగ్గేకొద్దీ వెనక్కి వస్తుంది. బేసిన్‌ని ధార మొదట పడేచోటికి ముందుకి జరిపి పెట్టి, తర్వాత వెనక్కి లాక్కోవాలి. చివరి సన్న ధారని గాలి పక్కకి ఎగరేస్తుంది, కాబట్టి ఈదురుగాలి రోజున బేసిన్ కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాలి. పైన ఆయిల్ పోసే మూత ముందే తీసి ఉంచితే ధార గుటకలు మింగకుండా ఒకే తీరుగా పడుతుంది.

చుక్కల్లోకి దిగాక కొత్త వాషర్‌తో బోల్టు బిగించేసి, అప్పుడు ఫిల్టర్ దగ్గరికి వెళ్తాను. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటి బోల్టుకి 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అల్యూమినియం చాంబర్లకు అంతకుమించితే మరలు పోతాయి. బోల్టు బిగించకుండా ఫిల్టర్ విప్పితే రెండు చోట్ల నుంచి కారుతుంది, బేసిన్ ఒకటే ఉంటుంది.

ఇక అసలు పని. ఫిల్టర్ పానాల్లో కప్పులాగా అడుగుకి సరిపోయేది ఉత్తమం. బెల్టు పానా అయితే రేకుని నడిమధ్య పట్టకూడదు, మూతికి దగ్గరగా పట్టాలి. అక్కడ లోపల గట్టి పళ్లెం ఉంటుంది, రేకు నలగదు. స్క్రూడ్రైవర్‌ని ఫిల్టర్ గుండా అడ్డంగా దూర్చి తిప్పే అలవాటు మానుకోవాలి. బిగిసిపోయిన ఫిల్టర్ దగ్గర రేకు చీరుకుపోతుంది, మూతి పళ్లెం ఇంజన్‌కే ఉండిపోతుంది, చీలిక లోంచి ఆయిల్ అన్ని వైపులకీ పోతుంది.

ఎంత తిప్పితే ఆయిల్ వస్తుందో లెక్క ఉంది. ఫిల్టర్ బిగించేటప్పుడు రబ్బరు ఇంజన్‌ని తాకాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పుతారు. మరకీ మరకీ మధ్య దూరం సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు, అంటే ఆ ముప్పావు చుట్టులో రబ్బరు సుమారు 1.1 మిల్లీమీటర్లు నలుగుతుంది. విప్పేటప్పుడు మొదటి అరచుట్టు వరకు రబ్బరు ఇంకా అంటుకునే ఉంటుంది, ఒక్క చుక్క రాదు. ముప్పావు దగ్గర మొదలవుతుంది. కాబట్టి పానాతో చేసే పని అరచుట్టు వరకే. అక్కడ ఆగి, పానా తీసేసి, కవరు తొడగాలి.

కవరంటే లీటరు పాల కవరు. మా వైపు ఓంఫెడ్ పాల కవర్లు ప్రతి ఇంట్లో ఉంటాయి. పై అంచు పూర్తిగా కత్తిరించి, కడిగి ఆరబెట్టి దాచుకుంటాను. అది మందంగా ఉంటుంది, అడుగు అతుకు గట్టిది, చిన్న పెట్రోల్ కార్ల ఫిల్టర్‌కి సరిపోయే వెడల్పు. అడుగున గుప్పెడు కాటన్ వేస్టు పెట్టి, ఫిల్టర్‌కి కింది నుంచి తొడిగి, అంచుని మూతి కంటే పైకి, ఇంజన్ ముఖాన్ని తాకేదాకా లాగాలి. డీజిల్ బండ్ల లావు ఫిల్టర్లకు ఇది చాలదు, అయిదు కిలోల గోధుమపిండి కవరు కావాలి. చేతిసంచీల పల్చటి కవర్లు వద్దు, క్లిప్పు తగిలితే చిరుగుతాయి.

ఇప్పుడు కవరు మీంచే చేత్తో ఇంకో పావు, అరచుట్టు తిప్పి వదిలెయ్యాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. సడలిన అంచు గుండా గాలి లోపలికి వెళ్తుంది, పైన ఇంజన్ దారుల్లో నిలిచిన ఆయిల్ కిందికి దిగుతుంది, కొంత చాంబర్‌లోకి వెళ్తుంది, కొంత కవర్లోకి వస్తుంది. పది నిమిషాలు ఆగితే కారడం ఆగిపోతుంది. ఆ తర్వాత మిగతా చుట్లు తిప్పి, అంచుని పైకే ఉంచి, ఫిల్టర్‌ని కవరుతో సహా నిటారుగా దించాలి. ఊడిన క్షణాన ఇంజన్ ముఖం మీద మిగిలిన నాలుగు చుక్కల కోసం రెండో చేతిలో గుడ్డ సిద్ధంగా ఉండాలి.

అడ్డంగా ఉండే ఫిల్టర్‌కి కవరొక్కటే చాలదు, కింద ఆయిల్ పారే కాలువలాంటిది కావాలి. ఖాళీ లీటరు ఆయిల్ డబ్బాని నిలువుగా చీలిస్తే పొడవాటి దోనె వస్తుంది. దాని ఒక చివరని ఫిల్టర్ మూతి కింద, ఇంజన్‌కి ఆనించి దూర్చి, రెండో చివర బేసిన్ మీదికి వాల్చాలి. మధ్యలో సైలెన్సర్ గొట్టం, సస్పెన్షన్ రబ్బర్లు, ఏసీ బెల్టు ఏవి ఉన్నా దోనె వాటి మీదుగా దాటాలి. గొట్టం మీద పడిన ఆయిల్ స్టార్ట్ చెయ్యగానే పొగ వస్తుంది, రబ్బరు బుష్షులు ఆయిల్ తాగి ఉబ్బుతాయి, బెల్టు జారుతుంది. ఒలకడం వల్ల నేల ఒక్కటే పాడవదు. దోనె వంచలేని ఇరుకు చోట వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని నాలుగు మడతలు పెట్టి వంచుకుంటే కావలసిన ఆకారంలో నిలుస్తుంది.

మూతి కిందికి ఉండే రకానికి మరో ఉపాయం: అడుగు రేకు పైకి ఉంటుంది కదా, అక్కడ మేకుతో చిన్న చిల్లు పొడిస్తే గాలి లోపలికి వెళ్లి, ఆయిల్ కాగితం గుండా మధ్య గొట్టం లోంచి ఇంజన్‌లోకి దిగిపోతుంది. పావుగంట తర్వాత ఫిల్టర్ దాదాపు ఖాళీగా ఊడుతుంది. అడుగు నేలవైపుకి ఉన్న ఫిల్టర్‌కీ అట్టడుగున చిల్లు పొడిచి నేరుగా బేసిన్‌లోకి దించుకోవచ్చు. అయితే ఒక నియమం: ఫిల్టర్ కదిలిందని పానాతో తేల్చుకున్నాకే చిల్లు. ముందే పొడిచేసి, ఫిల్టర్ రాకపోతే, ఆ బండి కదలదు. మెకానిక్ దగ్గరికి కూడా తీసుకెళ్లలేం.

కొన్ని ఇంజన్లకు రేకు ఫిల్టర్ ఉండదు. గూడులో కాగితం ఎలిమెంట్, పైన మరలున్న మూత. దీనికి మూతని రెండు మూడు చుట్లు సడలించి ఆగితే గూడులోని ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. మూత పూర్తిగా తీశాక గూడు అడుగున మిగిలినది పశువుల మందుల కొట్లో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజితో, కాస్త రబ్బరు గొట్టం తగిలించి లాగేస్తాను. ఓ-రింగుని (మూత చుట్టూ గాడిలో ఉండే రబ్బరు వలయం) కొత్తది, అదే గాడిలో వెయ్యాలి. పక్క గాడిలో పడితే స్టార్ట్ చేసిన వెంటనే కారుతుంది. మూత మీదే బిగింపు అంకె అచ్చు వేసి ఉంటుంది, చాలావాటి మీద 25 న్యూటన్ మీటర్లు.

ఫిల్టర్ ఊడాక వెంటనే చూడాల్సినది పాత రబ్బరు రింగు. అది పాత ఫిల్టర్‌కి అంటుకుని వచ్చిందా, ఇంజన్ ముఖానికే ఉండిపోయిందా? ఉండిపోయిన రింగు నల్లగా, చదునుగా ఇంజన్ రంగులో కలిసిపోతుంది, కంటికి ఆనదు. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి జారతాయి. నిదానంగా ఆడుతున్నప్పుడు ఏమీ తెలియదు, ఆక్సిలరేటర్ తొక్కగానే ఆయిల్ ప్రెషర్ మూడు నాలుగు బార్లు దాటి ఒక రబ్బరు బయటికి తన్నుకొస్తుంది. పంపు చాంబర్‌లోని ఆయిలంతా రోడ్డు మీద పోసేస్తుంది. పావు లీటరు ఒలకకుండా ఇంత జాగ్రత్తపడి, ఇక్కడ చూడకపోతే మూడు లీటర్లూ, వాటితోపాటు ఇంజనూ పోతాయి. గోటితో చుట్టూ తడిమి, ఆ ముఖాన్ని గుడ్డతో తుడవాలి.

కొత్త ఫిల్టర్ మరలు కూడా పోల్చుకోవాలి. బజార్లో రెండు దగ్గరి కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్లది, ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లది. 20 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఇంజన్ మీదుండే ముప్పావు అంగుళం మరల గొట్టానికి వదులుగా ఎక్కి, బిగిసినట్టే అనిపిస్తుంది, ప్రెషర్‌కి ఊడొస్తుంది. సైజు ఒకటేలా ఉందని కొట్టువాడు ఇచ్చినా పెట్టె మీది నంబరు చూడకుండా తీసుకోకూడదు.

కొత్త రబ్బరుకి వేలితో కొత్త ఆయిల్ రాయాలి. పొడి రబ్బరు బిగింపులో మెలిపడి చోటు వదులుతుంది. మూతి పైకి ఉండే ఫిల్టర్ అయితే మూడింట రెండు వంతులు ముందే నింపుతాను, పక్క చిన్న రంధ్రాల్లోంచి మాత్రమే. మధ్య రంధ్రంలో పోసింది వడకట్టకుండా బేరింగులకు వెళ్తుంది. అడ్డంగా ఉండేదానికి నింపడం అనవసరం, ఎక్కించేలోపే ఒలుకుతుంది. బిగింపు చేత్తోనే: రబ్బరు తాకాక ముప్పావు చుట్టు. పానాతో బిగించిన ఫిల్టరే తర్వాతిసారి రేకు నలిగి, ఒలికి ఏడిపిస్తుంది.

పైనుంచి పోసేటప్పుడు కూడా నిండు డబ్బా మూతి కిందివైపు ఉండేలా వంచితే గుటకలు వేసి చిమ్ముతుంది. మూతి ఉన్న అంచు పైకి ఉండేలా డబ్బాని తిప్పి పట్టుకుని వంచితే గాలి లోపలికి వెళ్తూ ఉంటుంది, ధార సన్నగా, ఆగకుండా పడుతుంది. గరాటు సంగతి చెప్పక్కర్లేదు. చెప్పిన కొలతలో అర లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి, ఆయిల్ లైటు ఆరాక ఒక నిమిషం ఆడనిచ్చి, కింద టార్చితో ఫిల్టర్ అంచు చూడాలి. ఆపి, ర్యాంపు దించి, సమతలం మీద ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పొయ్యాలి. ఖాళీ ఫిల్టర్ తన వాటా తాగేశాకే అసలు మట్టం తెలుస్తుంది.

ఎంత చేసినా నేల మీద పడితే నీళ్లు పొయ్యకూడదు, మరక పెద్దదవుతుంది. రంపపు పొట్టు, లేదా రైస్‌మిల్లు ఊక బూడిద చల్లి, చెప్పుతో రాసి, గంట ఆగి ఊడ్చాలి. ఊకని కాల్చకుండా చల్లితే అంతగా పీల్చదు. ఆ తర్వాతే బట్టల పౌడరు, బ్రష్షు.

దిగిన ఆయిల్‌ని గరాటుతో ఖాళీ డబ్బాలోకి ఎత్తి మూత బిగించాలి. పాత ఫిల్టర్‌ని మూతి కిందికి పెట్టి రాత్రంతా బేసిన్‌లో వదిలితే ఇంకా చాలానే దిగుతుంది. "కాస్త ఉంచు బావా, కంచె రాటలకి పూస్తాను, చెదలు పట్టవు" అని అడిగేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. వానకి ఆ పూత నేలలోకి, బావిలోకి దిగుతుంది, అందుకే ఇవ్వను. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ ఉంది, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే చేరాలి. సర్వీసు సెంటర్లు వాటికి డ్రమ్ములు పెట్టుకుంటాయి, అడిగితే డబ్బా తీసుకుంటారు. నాగావళి, వంశధార గట్ల దగ్గర బళ్లు కడిగేచోట పారబోయడం మాత్రం ఎవరికీ తగదు.

మర్నాడు పొద్దున బండి కింద అట్టముక్క వేసి చూస్తాను. ముందురోజు ఒలికి ఎక్కడో చిక్కుకున్న ఆయిల్ ఒకటి రెండు చుక్కలు రాలి ఆగిపోతుంది. ఫిల్టర్ అంచుని పొడిగుడ్డతో తుడిచి, ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి మళ్లీ తుడిస్తే గుడ్డకి ఏమీ అంటకూడదు. అంటితే ఇంజన్ ఆపి, చల్లారాక చేత్తో ఇంకో ఎనిమిదో వంతు చుట్టు బిగించి చూడాలి. అప్పటికీ అంటితే ఫిల్టర్ విప్పి రబ్బరు చూడాల్సిందే, పానాతో ఇంకా బిగించడం దానికి మందు కాదు.